మన బళ్లో కులం లేదంట!

2025 సంక్రాంతి సెలవుల్లో మా పదో తరగతి వాళ్లమంతా కలిశాం. 2004 బ్యాచి మాది. బందరు వైపు ఒక చిన్న పట్నంలో ఉన్న మిషన్ హైస్కూలు. పేరు రాయను. రాస్తే తప్పంతా ఆ ఒక్క బడిదే అయినట్టుంటుంది. నా తగాదా ఒక్క బడితో కాదు.

గ్రౌండులో వేపచెట్ల కింద షామియానా వేశారు. మాకు పాఠాలు చెప్పినవాళ్లలో బతికున్న నలుగురికి శాలువాలు కప్పారు. ముందు ప్రార్థన, తర్వాత పాట. రోజూ అసెంబ్లీలో పాడిన పాటే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఎన్నడూ ఇంట్లో పెట్టుకోని వాళ్లు కూడా చూడకుండా చరణాలన్నీ పాడారు. ఒకళ్లిద్దరు కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. రేపు ఎవరూ నాకు బడి మీద విశ్వాసం లేదని అనకుండా.

అప్పుడు నా పక్క బెంచీ నేస్తం మైకు తీసుకుంది. ఆ చుట్టుపక్కల పేరున్న రైతు కుటుంబం వాళ్లది. ఇప్పుడు హైదరాబాదులో ఉంటుంది. "మన స్కూల్లో కులం అంటే ఏంటో ఎవరికైనా తెలుసా? ఎవరిది ఏ కులమో కూడా తెలియకుండా ఒక తల్లి పిల్లల్లాగా పెరిగాం. ఈ గొడవలన్నీ ఇప్పుడొచ్చినవే" అంది. షామియానా మొత్తం చప్పట్లు. నేనూ చప్పట్లు కొట్టాను.

ఆ చప్పట్లు కొట్టినందుకే ఇది రాస్తున్నాను.

మాది దివిసీమలో ఒక మాదిగపల్లె. మా నానమ్మ 1977 నవంబరు 19 ఉప్పెనలో తాటిచెట్టు పట్టుకుని బతికిన మనిషి. ఆ ఉప్పెనలో పదివేల మంది దాకా పోయారని పుస్తకాల్లో రాశారు. మా పల్లెలో పోయినవాళ్ల పేర్లు మా నానమ్మ వేళ్లు మడిచి చెప్పేది. రెండు చేతుల వేళ్లూ చాలేవి కావు. నీళ్లు తీశాక మాకు బియ్యం, దుప్పట్లు ఇచ్చినవాళ్లలో మిషన్ వాళ్లున్నారు. ఆ కృతజ్ఞత మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. మా నాన్న పాలేరు. మాయమ్మ నాట్లకీ కోతలకీ వెళ్లేది. ఇద్దరిదీ వేలిముద్రే. మా వంశంలో డిగ్రీ పాసైన మొదటివాళ్లం ఇద్దరం. మా పెదనాన్న కూతురు, నేను. ఆ అక్క సంగతి తర్వాత చెబుతాను.

1999లో నన్ను ఆరో తరగతికి మిషన్ బోర్డింగులో వేశారు. ఒక రేకు పెట్టె, ఒక కంచం, ఒక గ్లాసు, రెండు జతల బట్టలు, ఒక దుప్పటి. పులిగడ్డ అక్విడక్టు దాటుతుంటే బస్సులో ఏడ్చాను. ఏడవొద్దని మా నాన్న అనలేదు. ఆయనా కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చున్నాడు.

బోర్డింగులో ఆడపిల్లలం అరవై మందికి పైగా ఉండేవాళ్లం. అందరం పల్లెల పిల్లలమే. పొద్దున అయిదింటికి గంట. ప్రార్థన, ఊడ్పు, చదువు. గోధుమనూక ఉప్మా తిని బడికి పోయేవాళ్లం. మధ్యాహ్నం అన్నం, పప్పుచారు. రాత్రి అదే పప్పుచారు, నీళ్లు ఎక్కువ. ఆదివారం గుడి అయ్యాక పెద్ద కూర. ఆ ఆదివారం కోసం సోమవారం నుంచే లెక్కపెట్టుకునేవాళ్లం.

ఒక్క నూనె సీసా పదిమంది తలలకి రాసుకునేవాళ్లం. సబ్బుబిళ్లని దారంతో కోసి రెండు చేసేవాళ్లం. నేను పెద్దమనిషినయినప్పుడు మాయమ్మ దగ్గర లేదు. తొమ్మిదో తరగతి అక్క తన పాత చీర చింపి ఇచ్చి, ఎట్లా పెట్టుకోవాలో, ఎట్లా ఉతుక్కోవాలో చెప్పింది. "భయపడమాకే, అందరికీ వచ్చేదే" అంది. ఇప్పటికీ నాకు భయమేసినప్పుడు ఆ అక్క గొంతే వినపడుతుంది.

ఎనిమిదిలో ఉండగా మాతో చదివే ఒక పిల్ల తల్లి పొలంలో పాము కరిచి చనిపోయింది. కబురొచ్చింది గానీ ఆ పిల్ల దగ్గర బస్సు ఛార్జీలు లేవు. వార్డెనమ్మ దగ్గరా లేవు. మేమంతా వెళ్లి, ఈ ఆదివారం మాకు కూర వద్దు, ఆ డబ్బులు దానికి ఇవ్వండమ్మా అన్నాం. వార్డెనమ్మ ఏడ్చింది. ముగ్గురం ఆ పిల్లతో కూడా వెళ్లాం. ఆ ఆదివారం పప్పుచారే తిన్నాం. ఎవరూ సణగలేదు.

గుళ్లో దీన్ని సహవాసం అంటారు. నాకు సహవాసం అంటే ఏంటో ప్రసంగాల్లో తెలియలేదు. ఆ పప్పుచారులో తెలిసింది.

కాబట్టి మిషన్ బళ్లో సహవాసం అబద్ధమని నేను అనడం లేదు. అది ఎవరిదో చెబుతున్నాను.

ఒకే కాంపౌండులో రెండు బళ్లుండేవి. మధ్యాహ్నం గంట కొట్టగానే పట్నం పిల్లలు వేపచెట్ల కింద కేరియర్లు విప్పేవాళ్లు. మేం వరస కట్టి బోర్డింగు వైపు పోయేవాళ్లం. సోమవారం పొద్దున "నిన్న మీకు కూర కదా" అని ముక్కు మూసుకుని నవ్వేవాళ్లు. ఎవరిది ఏ కులమో తెలియదంట! మా కులానికి మా బళ్లో వేరే పేరుండేది. 'బోర్డింగోళ్లు'. మాల, మాదిగ అని నోరు చేసుకోకుండా ఆ ఒక్క మాటతో పని జరిగిపోయేది.

ఆ మైకు తీసుకున్న నేస్తం ఇంటికి పదో తరగతిలో ఒకసారి వెళ్లాను, లెక్కల నోట్సు కోసం. వాళ్లమ్మగారు మంచిగానే పలకరించారు. అరుగు మీద కూర్చోమన్నారు. ఇంకో ఇద్దరు నేస్తాలు లోపల కూర్చున్నారు. వాళ్లకి స్టీలు గ్లాసుల్లో మజ్జిగ వచ్చింది. నాకు పల్చటి ప్లాస్టిక్ గ్లాసులో వచ్చింది. తాగాక ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాను. "అటు పారెయ్యమ్మా" అన్నారు. నా నేస్తం చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు బళ్లో నా పక్కనే కూర్చుంది, నా పెన్నుతోనే రాసుకుంది.

ఆ గ్లాసు ఆమెకి గుర్తుండదు. గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం ఆమెకి రాలేదు. నాకు మాత్రం కులం తెలియకుండా పెరిగే వీలు ఎవరూ ఇవ్వలేదు. కులం తెలియకుండా పెరగడం కూడా ఒక ఆస్తే. పొలం లాగా తాతల నుంచి రావాలి.

ఎదుటివాళ్లని అని మమ్మల్ని దాచుకుంటే ఈ రాత అబద్ధమవుతుంది. మా పల్లెల్లో మాలల గుడి వేరు, మాదిగల గుడి వేరు. రెండు గుళ్లలోనూ ఒకే బైబిలు. బోర్డింగులో పెద్ద తరగతి మాలపిల్లలు కొందరు "జరగవే, తోలు వాసన" అని మమ్మల్ని ఏడిపించేవాళ్లు. మేం ఊరుకున్నామా? మా గదిలో ఒక యానాది పిల్ల ఉండేది. దాని చాప గుమ్మం దగ్గర. దాని చాపకీ నా చాపకీ మధ్య నా రేకు పెట్టె పెట్టుకున్నాను. ఎవరూ పెట్టమని చెప్పలేదు. నాకే తోచింది. ఏడో తరగతి మధ్యలో ఆ పిల్ల వెళ్లిపోయింది. ఇవాళ మా బోర్డింగు నేస్తాలు పదకొండు మంది ఫోన్ నంబర్లు నా దగ్గరున్నాయి. ఆ పిల్ల నంబరు మాలో ఎవరి దగ్గరా లేదు. సహవాసం గురించి ఇంత రాస్తున్న నా దగ్గరా లేదు.

ఈ రోగం మా బళ్లో పుట్టింది కాదు, నిన్న పుట్టింది కాదు. 1843లో రాబర్ట్ నోబుల్ దొర బందరులో ఇంగ్లీషు బడి పెట్టాడు. తర్వాత అదే ఆయన పేరు మీద నోబుల్ కాలేజీ అయింది. పెద్ద కులాల పిల్లలకి చెబితే సువార్త పైనుంచి కిందికి దిగుతుందని ఆ దొర లెక్క. అందుకని మాలమాదిగల పిల్లల్ని ఆ బళ్లో చేర్చుకోలేదు. క్రీస్తు పేరు మీద పెట్టిన బడి సంగతే ఇది! 1852లో ఇద్దరు విద్యార్థులు, ఒక బ్రాహ్మణుడు, ఒక వెలమ, బాప్తిస్మం తీసుకున్నారు. వెంటనే తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు. బడి ఖాళీ అయింది.

పైనుంచి దిగలేదు. కిందనుంచి లేచింది. కృష్ణా జిల్లా రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాలాయన, ఏ దొరా వచ్చి పిలవకుండానే, నిజమైన దేవుడెవరని వెతుక్కుంటా బెజవాడ వచ్చి డార్లింగ్ దొరని కలుసుకున్నాడు. 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయి నాలుగేళ్లు. ఆనకట్ట నీళ్లు పొలాలకి పారాయి. పొలం ఉన్నవాడు ఆసామి అయ్యాడు. మేం ఆ పొలంలో కూలీలమయ్యాం. మా పల్లెల దాకా పారింది ఏదన్నా ఉందంటే ఈ పల్లె బళ్లూ, ఈ బోర్డింగులే. నోబుల్ దొర లెక్క తప్పింది కాబట్టి మాకు అక్షరం వచ్చింది.

1864 నవంబరు 1న ఉప్పెన బందరుని ముంచింది. ముప్ఫై వేల మంది పోయారంటారు. పోయినవాళ్లలో షార్కీ దొరసాని బోర్డింగులోని ఆడపిల్లలూ ఉన్నారు. నోబుల్ దొర పేరు కాలేజీ మీద ఉంది. ఆ ఆడపిల్లల పేర్లు మా పల్లెల్లో ఎవరికీ తెలియవు. బోర్డింగోళ్లు చరిత్రలో కూడా బోర్డింగోళ్లే.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి నా నీళ్ల సంగతీ చెబుతాను. 2024 సెప్టెంబరు 1 పొద్దున బుడమేరు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. ఆ రెండు రోజుల్లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీళ్లు వెళ్లాయి, బ్యారేజీ కట్టాక అంత ఎప్పుడూ రాలేదు. మేం సింగ్‌నగర్‌లో కింది వాటాలో అద్దెకుంటున్నాం. గంటలో మంచం మునిగింది. ఇద్దరు పిల్లల్నీ మాయమ్మనీ తీసుకుని ఇంటివాళ్ల డాబా ఎక్కాను. పిల్లల సర్టిఫికెట్లు, నా సర్వీసు కాగితాలు, మా నాన్న ఫోటో నీళ్లలోనే ఉన్నాయి. తాగటానికి చుక్క నీళ్లు లేవు. నడుముల పైకి నీళ్లే.

ఫోన్లో ఛార్జింగు కొంచెమే ఉంది. మా బ్యాచి గ్రూపులో అరవై నాలుగు మంది. అందులో ఒక్క మాట పెట్టాను. దండాల బొమ్మలు వచ్చాయి. 'జాగ్రత్త' అని వచ్చాయి. అబద్ధమెందుకు, ఒక పెద్దింటి నేస్తం అయిదు వేలు పంపించింది. తర్వాత అవి పనికొచ్చాయి. ఆ రోజు డాబా మీద మాత్రం ఫోన్లో పడిన డబ్బుతో పాలపాకెట్ రాదు.

బోర్డింగు నేస్తాలు మాత్రం మనుషులే వచ్చారు. ఒకామె గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీ దిగి అట్నుంచి అటే వచ్చింది. ఇంకొకామె మొగుడు ఆటో నడుపుతాడు. గుడివాడ నుంచి ఒకామె అన్నం పొట్లాలు కట్టుకుని వచ్చింది. సింగ్‌నగర్ ఫ్లైఓవరు దగ్గర ఆటో ఆపి, అక్కణ్ణుంచి గుండెల్లోతు నీళ్లలో తాడు పట్టుకుని నడిచి, రెండో రోజు మధ్యాహ్నానికి మా డాబా కిందికి చేరారు. "ఒసేయ్, బకెట్ కట్టి దింపవే" అని కేకేసింది. దింపాను. పాలపాకెట్లు, నీళ్ల సీసాలు, పులిహోర. పొట్లం విప్పి పిల్లలకి పెడుతుంటే నాకు ఆ కూర లేని ఆదివారం గుర్తొచ్చింది.

ఇరవై ఏళ్లు నిలిచిన సహవాసం అది. మతం ఒకటైనందుకు నిలవలేదు. ఆటో తోలేవాడు మా నేస్తాన్ని చేసుకోకముందు గుడి మొహం చూడనివాడే. వెనక ఇంకెవరూ లేనివాళ్లం కాబట్టి నిలిచింది. ఒకళ్లకొకళ్లం తప్ప గతి లేక పుట్టిన సహవాసం అది. దాన్ని తీసుకెళ్లి, చూశారా మన బళ్లో కులం లేదు అని రుజువుగా చూపిస్తే ఒప్పుకోను. అది కులం లేదన్నదానికి రుజువు కాదు. కులం చేసిన గాయానికి మేం కట్టుకున్న కట్టు.

మీరనొచ్చు, ఏదో పాత స్నేహంలో అన్న మాటకి ఇంత రాద్ధాంతమా అని. ఆ మాట ఎక్కడిదాకా పోతుందో చెబుతాను.

మా పెదనాన్న కూతురు వాళ్ల అమ్మమ్మ ఊళ్లో మండల పరిషత్ బళ్లో చేరింది. అక్కడి పంతులు రిజిస్టర్లో 'హిందూ, మాదిగ' అని రాశాడు. నన్ను మా పల్లె మిషన్ బళ్లో వేశారు. అక్కడి పంతులు నిజాయితీపరుడు. మతం దగ్గర 'క్రైస్తవ' అని రాశాడు. ఆదివారం ఇద్దరం ఒకే గుళ్లో ఒకే చాప మీద కూర్చునేవాళ్లం. మా అక్క ఎస్సీ అయింది. నేను బి.సి.-సి అయ్యాను. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి పోయినవాళ్లకని పెట్టిన గ్రూపు అది, వాటా నూటికి ఒకటి. జిల్లా మొత్తానికి మా గ్రూపుకి ఒక పోస్టు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మా అక్కకి 2008 డీఎస్సీలోనే ఉద్యోగం వచ్చింది. నేను 2012 డీఎస్సీలో పోగొట్టుకుని, 2014 డీఎస్సీలో ఓపెన్‌లో కొట్టి, 2016లో బళ్లో చేరాను. మా అక్క మీద నాకు అసూయ లేదు. ఆమె పేరు ఇక్కడ రాయలేను. రాస్తే రేపు ఎవడో ఆర్జీ పెడతాడు, ఆమె ఉద్యోగం మీదికొస్తుంది. ఆమె దేవుడి పేరు బయట ఎత్తలేదు. నేను కులం పేరు కాగితం మీద రాసుకోలేను. ఒక ఇంటి పిల్లలం!

ఉద్యోగం పోనీండి. మా ఇద్దర్నీ ఎవడన్నా కులం పేరెత్తి తిడితే, మా అక్కకి అట్రాసిటీ చట్టం ఉంది. నాకు లేదు. తిట్టేవాడు మాత్రం ఇద్దర్నీ ఒకే మాటతో తిడతాడు. మాలమాదిగల వర్గీకరణ పంచాయితీలో కూడా నేను ఏ గదిలోనూ లేను.

ఇదంతా 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా పుణ్యం. హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాదు అంది అది. 1956లో సిక్కుల్ని కలిపారు. 1990లో బౌద్ధుల్ని కలిపారు. మమ్మల్ని మాత్రం బయటే నిలబెట్టారు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆయన, చెప్పులు కుట్టేవాళ్లకి సర్కారు ఉచితంగా ఇచ్చే బంకు క్రైస్తవుడివని తనకి ఇవ్వలేదని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. మతం మారాక కూడా ఆ కులబాధ అంత తీవ్రంగానూ ఉందనడానికి రుజువు చాలదని 1985 సెప్టెంబరు 30న కోర్టు తేల్చింది. అదే ఏడు జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. వాళ్లలో మోషే ఉన్నాడు, యెహోషువ ఉన్నాడు. బైబిలు పేర్లు కదా, వీళ్లకి కులం లేదు కదా అని గొడ్డలి ఆగిందా? రెండున్నర నెలల తర్వాత రుజువు చాలదన్నారు!

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతం అడ్డు తీసెయ్యమంది. 2022లో కేంద్రం మళ్లీ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇమ్మని తీర్మానం చేసింది. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు గారు పెట్టిన అట్రాసిటీ కేసు కొట్టేసింది. క్రైస్తవంలో కులం లేదు కాబట్టి ఆయనకి ఆ చట్టం వర్తించదంది.

ఇప్పుడు చూడండి. కోర్టు మాట, మైకు దగ్గర నా నేస్తం మాట పక్కపక్కన పెట్టండి. మీ బళ్లో కులం లేదు, మీ గుళ్లో కులం లేదు, కాబట్టి మీకు కులం లేదు, కాబట్టి మీకు జరిగింది కులం వల్ల జరిగింది కాదు. రెండూ ఒకటే మాట. ఒకటి కళ్లనీళ్లతో అన్నది, ఒకటి చట్టం పుస్తకం చూసి అన్నది. అందుకే ఆ చప్పట్లు నన్ను పొడుస్తున్నాయి. నా మీద నేనే సాక్ష్యం చెప్పినట్టయింది.

మా గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. గుళ్లోకి మనిషిని రానివ్వరు, గబ్బిలాన్ని రానిస్తారు కాబట్టి దానితో శివుడికి కబురు పంపిస్తాడు అందులో మా అరుంధతీయుడు. మరి మేం ఢిల్లీకి ఏ పిట్టతో కబురు పంపాలి?

సమ్మేళనం కథ ఇంకా అయిపోలేదు. బడి గేటుకి ఆర్చి కట్టిద్దాం, మన బ్యాచి పేరు చెక్కిద్దాం అని డబ్బులు పోగుచేశారు. లక్షన్నర దాటింది. ఆ రోజు మధ్యాహ్నం నేను బోర్డింగు వైపు వెళ్లి చూశాను. తాళం వేసి ఉంది. ఎయిడెడ్ పోస్టులు ఏళ్ల తరబడి నింపలేదు. 2021లో ఎయిడెడ్ బళ్ల మీద సర్కారు తీసుకున్న నిర్ణయంతో ఉన్న ఊపిరీ పోయింది. పిల్లలు తగ్గారు, బోర్డింగు మూసేశారు. కిటికీలోంచి చూస్తే నా చాప పరుచుకున్న చోట విరిగిన బెంచీలు గుట్టపోసి ఉన్నాయి. బెజవాడలో చూస్తే ప్రతి వీధిలోనూ ఎవరో ఒక సెయింటు పేరు మీద ఫీజుల బడి ఉంది. ఆ సెయింట్లకి మా పల్లెల దారి తెలియదు.

ఇంటికొచ్చాక గ్రూపులో రాశాను. 'ఆర్చి వద్దు. ఆ డబ్బుతో బోర్డింగులో ఒక గది బాగుచేయించి, పల్లెల నుంచి పదిమంది ఆడపిల్లల్ని పెడదాం' అని. రెండు రోజులు ఎవరూ పలకలేదు. మూడో రోజు జవాబొచ్చింది. 'ప్లీజ్, ఇక్కడ కులం గొడవలు వద్దు.' దానికి పంతొమ్మిది మంది బొటనవేలు పైకెత్తారు.

అయ్యా, అమ్మా! నేను కులం మాటే ఎత్తలేదు. పదిమంది ఆడపిల్లల పడక గురించి అడిగాను. బోర్డింగు అనగానే మీకు కులం గుర్తొచ్చింది. మరి ఎవరిది ఏ కులమో తెలియకుండా పెరిగామన్నారే?

ఆర్చి లేచింది. బాగానే ఉంది. మేం పదకొండు మందిమి నెలకి తలా అయిదొందలు వేసుకుని, బెజవాడలో ఇంటర్ చదివే ఇద్దరు పిల్లల హాస్టలు ఫీజు కడుతున్నాం. గొప్పకి చెప్పడం లేదు. ఇంతకంటే మా చేత కావడం లేదని చెబుతున్నాను. అరవై నాలుగు మంది కలిస్తే ఎంతయ్యేదో లెక్క మీరే వేసుకోండి.

నేను పనిచేసే గవర్నమెంటు బళ్లో పిల్లలు దాదాపు అందరూ మా పల్లెల పిల్లలే. 2025 జూన్‌లో ఒక తల్లి పిల్లని చేర్చటానికి వచ్చింది. అడ్మిషన్ రిజిస్టరు తెరిచాను. మతం దగ్గర పెన్ను ఆగింది. "ఏం రాయమంటావమ్మా?" అన్నాను. "నువ్వే చెప్పు టీచరమ్మా" అంది. తల్లి చెప్పిందే రాయాలి, నేను చెప్పకూడదు. ఇది రాస్తే ఏం పోతుందో, అది రాస్తే ఏం పోతుందో మాత్రం చెప్పాను. ఆమె మెడలో శిలువ ఉంది. చేతుల్లో నాట్ల బురద గీతలున్నాయి. కాసేపు ఆలోచించి అడిగింది.

"రెండూ మావే కదమ్మా. ఒకదాని కోసం ఒకటి కొట్టెయ్యమంటే ఎట్లా?"

ఆమె ఏం రాయమందో నేను ఇక్కడ చెప్పను. అది ఆ పిల్ల బతుకు. ఆమె ప్రశ్న మాత్రం మీకు అప్పజెబుతున్నాను. మైకు పట్టుకున్న నేస్తానికి, శాలువాలు కప్పించుకున్న పెద్దలకి, రెండు గుళ్లు కట్టుకున్న మా వాళ్లకి, ఢిల్లీలో కూర్చున్న కమిషన్లకి. ఆ మూడో పేరా కొట్టేయండి. తాళం వేసిన ఆ గదులు తెరవండి. రెండు గుళ్లకి మధ్య దారి వెయ్యండి. అప్పుడు మన బళ్లో కులం లేదని మీరనండి. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడతాను.

అప్పటిదాకా నా చేతులు కట్టుకునే ఉంటాయి.